గెర్టీ ది డైనోసార్ (1914): సగం సినిమా మనుషులే ఉన్నారేంటి? గొప్పేంటో ఎవరైనా చెప్తారా

పిల్లకాకి_తల్లి
మా వాడికి ఆరేళ్ళు, ఇంట్లో ఎటు చూసినా డైనోసార్లే. గెర్టీ ది డైనోసార్ అని 1914 నాటి కార్టూన్ ఉంది, చాలా గొప్పది, తప్పకుండా చూడాలి అని ఎక్కడో చదివి ఆదివారం టిఫిన్లయ్యాక టీవీలో పెట్టా. మొదలవగానే కోట్లేసుకున్న పెద్దమనుషులు కార్లో వస్తారు, మ్యూజియం ముందు టైరు పంక్చరవుతుంది, లోపలికెళ్ళి అస్థిపంజరం చూస్తారు, దీన్ని కదిలించి చూపిస్తా అని ఒకాయన డిన్నర్ పందెం కాస్తాడు, ఆ తర్వాత గుట్టలు గుట్టలు కాగితాలు, ఒకడు ఆ కట్టలు కింద పడేస్తాడు, మళ్ళీ అందరూ భోజనాల బల్ల దగ్గర. ఎప్పుడొస్తది ఎప్పుడొస్తది అని మావాడు నా ప్రాణం తీశాడు. సగం అయ్యాక వచ్చింది డైనోసారు. వచ్చాక ముద్దుగానే ఉంది గానీ మాటిమాటికీ కార్డు అడ్డం, కుడికాలెత్తు, ఎడమకాలెత్తు అని. అది ఎవరు చెప్తున్నారో కనపడదు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా, ఇందులో అంత గొప్పేంటి?

నైట్‌షిఫ్ట్_నాని
స్కిప్ బటన్ అని ఒకటుంటుంది మేడమ్

పిల్లకాకి_తల్లి
@నాని గొప్పదనం ఆ స్కిప్ చేసిన ముక్కలోనే ఉందేమో అని భయపడ్డా

పాతరీలు_పరంధామం
మీ ఫిర్యాదు సబబే, ఎందుకంటే మీరు చూసింది తర్వాత తయారుచేసిన వెర్షన్. మొదట్లో ఇది సినిమాగా ఆడలేదు. 1914 ఫిబ్రవరిలో షికాగోలో ప్యాలెస్ థియేటర్లో, ఆ కార్టూనిస్టు విన్సర్ మెకే స్వయంగా తెర పక్కన నిలబడి చేసిన స్టేజీ ఐటం. వాడెవిల్ అనేవాళ్ళు, ఒకే టికెట్ మీద పాటలు, గారడీ, కుక్కల విన్యాసాలు, జోకులు వరసగా నడిచేవి. మెకేకి స్టేజీ కొత్త కాదు, 1906 నుంచే సుద్దముక్కతో బోర్డు మీద గబగబా బొమ్మలు గీసే ఐటం చేసేవాడు. గెర్టీకి మాత్రం సర్కస్‌లో జంతువుల్ని ఆడించేవాడిలా సూటేసుకుని కొరడా పట్టుకొచ్చేవాడు. రామ్మా అని పిలిస్తే తెర మీద గుహలోంచి తల బయటపెట్టేది. జనానికి దణ్ణం పెట్టమంటే వంగేది. కాలెత్తమంటే ఎత్తేది, ఒక్కోసారి ఎత్తేది కాదు, తిడితే ఏడ్చేది. మీకు కార్డుల మీద కనపడిన మాటలన్నీ అక్కడ ఆ మనిషి నోటితో అన్నవే.

మరి కార్డులెందుకొచ్చాయంటే, మెకే అప్పుడు పత్రికల యజమాని హర్స్ట్ గారి పేపర్లో జీతగాడు. పత్రికకి బొమ్మలు వెయ్యకుండా ఈ స్టేజీలేంటని వాళ్ళకి ఒళ్ళుమంట, న్యూయార్క్ దాటి ప్రదర్శనలివ్వకుండా కట్టడి చేశారు. అప్పుడు విలియం ఫాక్స్ అనే సినిమా వ్యాపారి సినిమాగా వేసుకుంటానని వచ్చాడు. ఊరూరా హాల్లో మెకే నిలబడలేడు కదా, అందుకని ఆయన మాటలు కార్డులు చేశారు, ముందు ఆ పంక్చరు, పందెం కథ మనుషులతో తీసి తగిలించారు. 1914 డిసెంబర్లో అది రిలీజైంది. హరికథలో దాసుగార్ని లేపేసి ఆయన మాటలు పలక మీద రాసి చూపిస్తే ఎలా ఉంటుందో మీరు చూసింది అలా ఉంది.

వరంగల్_వాసు
గట్లనా. నేన్ గూడ గా కార్డులు జూసి పరేషాన్ అయిన. మరి గుమ్మడికాయ ఇసిరితే నోట్లె పట్టుకుంటది గదా, అది స్టేజి మీద ఎట్ల జేసిండు?

పాతరీలు_పరంధామం
@వాసు స్టేజీ మీద గుమ్మడికాయ కాదు ఆపిల్. అట్టతో చేసిన ఆపిల్ చేతిలో పట్టుకుని జనానికి చూపించి, విసిరినట్టు చెయ్యి ఊపి, ఆ ఊపులోనే జనం వైపు వీపు పెట్టి జేబులో వేసేసుకునేవాడు. అదే క్షణానికి తెర మీద ఒక పండు గాల్లోంచి వచ్చి గెర్టీ నోట్లో పడేది. ఆఖర్న ఇంకా బావుంటుంది, తెర వెనక్కి నడిచి వెళ్ళి మాయమయ్యేవాడు, అదే సమయానికి బొమ్మలోకి ఒక చిన్న మెకే కొరడాతో సహా నడిచొస్తాడు, గెర్టీ నోటితో ఎత్తుకుని వీపు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిపోతుంది.

వరంగల్_వాసు
అరె మస్తుంది ఇది. 1914ల జనం పిచ్చోళ్ళయి ఉంటరు

తెనాలి_తిరకాసు
ఇంత చర్చ ఎందుకు, ప్రపంచంలో మొట్టమొదటి కార్టూన్ సినిమా ఇది, గొప్పేంటని అడిగితే అదే గొప్ప

కీఫ్రేమ్_కిట్టు
@తిరకాసు మొదటిది కాదు గురూ, నాలుగైదు ముందున్నాయి. 1908 ఆగస్టులో పారిస్‌లో ఎమిల్ కోల్ ఫాంటస్మగోరీ వచ్చింది, 700 బొమ్మలట, నల్ల పలక మీద తెల్ల గీతల్లా ఉంటుంది. అంతకు ముందు 1906లో అమెరికాలో బ్లాక్‌టన్ సుద్దముక్క మొహాలు. ఈ మెకేనే 1911లో లిటిల్ నీమో, 1912లో ఒక దోమ బొమ్మ చేశాడు, గెర్టీ మూడోది ఆయనకి.

ఇంకో ముచ్చట, గీసినవాడూ గీసిన బొమ్మా కలిసి ఆడుకోవడం అనే ఐడియా కూడా మెకేతో మొదలవలేదు. ఇదే బ్లాక్‌టన్ 1900లో ఒకటి చేశాడు ఎడిసన్ కంపెనీకి. పెద్ద కాగితం మీద ఒక మొహం గీసి, పక్కన సీసా, గ్లాసు గీసి, కాగితం మీదికి చెయ్యి పెట్టి నిజం సీసా బయటికి లాగుతాడు, ఆ మొహం మాడిపోతుంది. కెమెరా ఆపి మార్చి మళ్ళీ తిప్పడమే ట్రిక్కు, బొమ్మ కదలదు. కోల్ దాంట్లో చూస్తే గీసేవాడి చేతులు కనపడతాయి, బొమ్మగాడు కిందపడి విరిగితే ఆ చేతులొచ్చి అతికిస్తాయి.

తెనాలి_తిరకాసు
సరే, మొదటి "చూడదగ్గ" కార్టూన్ అనుకోండి. పాయింటు అదే

కీఫ్రేమ్_కిట్టు
పాయింటు మారిపోయింది తిరకాసు గారూ, మీరు మారలేదు

అనకాపల్లి_బెల్లం
నాకొకటి అర్థం కాలేదు. ఎనకాల కొండలు, సెరువు అలా వణుకుతుంటాయేటి? మా టీవీదేమో అనుకున్నాను, ఫోన్లో సూసినా అలాగే ఉంది

కీఫ్రేమ్_కిట్టు
@బెల్లం ఆ వణుకు మీదే నేను ఒక పూట మాట్లాడగలను. ఒకప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వాళ్ళ టీవీ కార్టూన్ సీరియళ్ళకి ఇన్‌బిట్వీన్లు, అంటే రెండు పోజుల మధ్య బొమ్మలు, గీసిన బ్యాచ్ మాది, లైట్ బాక్స్ వేడికి మొహాలు కాలిపోయేవి. మాకు బ్యాక్‌గ్రౌండ్ వేరే, క్యారెక్టర్ వేరే, ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటే అయిపోయేది. మెకేకి ఆ సుఖం లేదు. పారదర్శకంగా ఉండే సెల్ షీటు మీద క్యారెక్టర్ విడిగా గీసే పద్ధతికి ఎర్ల్ హర్డ్ పేటెంట్ అడిగింది కూడా 1914 ఆఖర్లోనే, అప్పటికి గెర్టీ అయిపోయింది. కాబట్టి పల్చటి రైస్ పేపర్, ఆరున్నర అంగుళాలకి ఎనిమిదిన్నర, ప్రతి కాగితం మీదా మొత్తం సీను మళ్ళీ గియ్యాల్సిందే. గెర్టీని మెకే గీసేవాడు. కొండలూ రాళ్ళూ చెరువూ మాత్రం ప్రతి కాగితం మీదా పక్కింటి కుర్రాడు దించేవాడు, జాన్ ఫిట్జ్‌సిమన్స్ అని ఆర్ట్ స్టూడెంటు. మీరు చూసిన వణుకు ఆ అబ్బాయి చెయ్యి. వేల కాగితాల మీద అదే కొండ గీస్తూ కూర్చున్న మనిషిని తల్చుకుంటే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది, పోస్టర్ మీద పేరు మాత్రం మెకేదే.

కాగితాలు కదలకుండా మూలల్లో ప్లస్ గుర్తులు వేసుకున్నాడు, వాటిని అట్టలకి అంటించి చేత్తో తిప్పి చూసే డబ్బాలో పెట్టి కదలిక సరిచూసుకున్నాడు. ముందు ముఖ్యమైన పోజులు గీసేసి తర్వాత మధ్యవి నింపేవాడు. మేం ఇవ్వాళ కీ పోజులు, ఇన్‌బిట్వీన్లు అనుకునేది అదే. గెర్టీ ఊగేటప్పుడు, ఊపిరి పీల్చేటప్పుడు అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడు. ఊపిరి ఎంతసేపు ఉండాలో తెలీక గడియారం ముందు పెట్టుకుని తన ఊపిరే లెక్కపెట్టుకున్నాడట. అది పడుకున్నప్పుడు పొట్ట చూడండి, పైకీ కిందకీ ఆడుతుంటుంది. అక్కర్లేదు కదా అది, ఎవరూ అడగలేదు. అయినా పెట్టాడు.

సినిమాలో పదివేల బొమ్మలని గొప్పలు పోతారు, అది కాస్త పబ్లిసిటీ అంకె అని నా అనుమానం. సెకనుకి 16 ఫ్రేముల లెక్కన ఆరు నిమిషాల బొమ్మ అనుకుంటే 5760, రిపీట్లు తీసేస్తే ఇంకా తక్కువ. తక్కువంటే మీరొకసారి గీసి చూడండి.

నైట్‌షిఫ్ట్_నాని
ఫిట్జ్‌సిమన్స్ అన్నకి న్యాయం జరగాలి

సుబ్బలక్ష్మి_న్యూజెర్సీ
మేం ఫ్లోరిడాలో డిస్నీ పార్కుకి వెళ్ళినప్పుడు చెరువు గట్టున పెద్ద డైనోసార్ బొమ్మ, దాని కింద ఐస్‌క్రీమ్ కొట్టు. పేరు గెర్టీ అని రాసుంది. మా ఆయన అది ఏదో డిస్నీ సినిమాలోది అని పిల్లలకి చెప్పేశాడు, వాళ్ళు నమ్మేశారు. ఈ థ్రెడ్ చూశాక ఫోటో తీసి పెట్టుకున్నందుకు సంతోషంగా ఉంది

పాతరీలు_పరంధామం
@సుబ్బలక్ష్మి సంబంధం ఉంది లెండి. 1955లో డిస్నీ వాళ్ళు టీవీ ప్రోగ్రాంలో ఈ స్టేజీ ఐటం మళ్ళీ చేసి చూపించారు, మెకే అప్పటికి పోయి ఇరవయ్యేళ్ళు దాటింది, ఆయన కొడుకు రాబర్ట్‌ని పిలిచి ఎలా చేసేవాడో కనుక్కున్నారు. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళలో డిక్ హ్యూమర్ అనే పాత యానిమేటర్ ఒకడు.

రోటో_రాజు
డిక్ హ్యూమర్ పేరొచ్చింది కాబట్టి ఇంక ఆగలేను. ఆయన 1920లలో మాక్స్ ఫ్లైషర్ అనే కార్టూన్ సినిమాలాయన దగ్గర పనిచేశాడు, కోకో అనే జోకర్ బొమ్మ మీద. నా ఓటు గెర్టీకి కాదు కోకోకే. అవుట్ ఆఫ్ ది ఇంక్‌వెల్ అని సిరీస్, 1918 నుంచి. మాక్స్ టేబుల్ దగ్గర కూర్చుని కలంతో గీస్తాడు, లేదా సిరాబుడ్డిలోంచి వాడే లేచొస్తాడు, వచ్చిన దగ్గర్నుంచి గోల. మాక్స్ వాణ్ణి ఏడిపిస్తాడు, వాడు మాక్స్‌ని ఏడిపిస్తాడు, కాగితం మీంచి దూకి ఆఫీసంతా తిరుగుతాడు, ఆఖరికి పట్టుకుని బుడ్డిలో పోసి మూత పెడితే గానీ అయిపోదు. 1921లో ఒకదాంట్లో పక్కన ఒక శిల్పి ఎవరిదో తలకాయ మట్టితో చేస్తుంటే వీడు పోయి ఆ బొమ్మ ముక్కులో దూరతాడు.

నేను హైదరాబాద్‌లో రోటో డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తా, అంటే సినిమాలో హీరో చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీత గీసి వెనకనున్నది వేరు చేసే పని. మా పని పేరుకి మూలపురుషుడు ఈ మాక్స్ ఫ్లైషరే. మనిషిని సినిమా తీసి, ఆ ఫిల్ము ఒక్కో ఫ్రేము అద్దం కిందనుంచి వేసి పైన కాగితం పెట్టి దించే యంత్రం, రోటోస్కోప్, 1915లో పేటెంట్‌కి పెట్టాడు, 1917లో వచ్చింది. జోకర్ డ్రస్ వేసుకుని గెంతులేసింది తమ్ముడు డేవ్. అందుకే కోకో నడక చూస్తే లోపల మనిషి ఉన్నట్టే ఉంటుంది. నా షిఫ్ట్‌లో తల వెంట్రుకల షాట్ వచ్చినప్పుడల్లా ఆ అన్నదమ్ములిద్దరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటా.

మేడమ్, మీ బాబుకి కోకో పెట్టండి. మాటిమాటికీ కార్డులుండవు, అల్లరి ఎక్కువ.

మిరపకాయ్_బజ్జీ
తల వెంట్రుకల షాట్ 😂😂 మా రూమ్మేట్ రోటోనే, రింగుల జుట్టు హీరోయిన్లంటే వాడికి పగ

కీఫ్రేమ్_కిట్టు
@రాజు కోకో సరదాగా ఉంటాడు, ఒప్పుకుంటా. కానీ దించిన కదలిక కదా తమ్ముడూ అది. డేవ్ గెంతాడు, మాక్స్ దించాడు. గెర్టీ ఏనుగు సైజుకి పది రెట్లుంటుంది, అలాంటి జంతువుని ఎవరూ చూడలేదు, ఎలా నడుస్తుందో ఎలా కూర్చుంటుందో ఎలా అలుగుతుందో మొత్తం ఒక బుర్రలోంచి రావాలి. పక్కనుంచి జంబో అనే మామత్ పోతుంటే తోక పట్టి చెరువులో గిరాటేస్తుంది చూడు, ఆ బరువు దించితే రాదు.

రోటో_రాజు
దించితే రాదు అనే ముందు ఒక వారం మా సీట్లో కూర్చో అన్నా. తర్వాత మాట్లాడదాం. అయినా ప్రశ్న గీతల గురించి కాదు కదా, కార్టూనిస్టు తన బొమ్మతో ఆడుకోవడం గురించి. ఫ్లైషర్ దాంట్లో ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటారు. నిజమైన ఆఫీసు ఫోటో పెద్దది చేసి దాని మీద సెల్ పెట్టి షూట్ చేసేవాళ్ళు, బొమ్మ నిజం టేబుల్ మీద నడిచినట్టే ఉంటుంది. మెకే పక్కన నిలబడి చెయ్యి ఊపాడు, అంతే.

గోదారి_గట్టు
అంతే అనకు రాజూ. ఆ "అంతే" ఎంత కష్టమో స్టేజీ ఎక్కినోడికి తెలుస్తుంది. మాది నాటకాల కుటుంబం, నేనూ వేషాలేశా. ఒకసారి మా కాలేజీలో నృత్యనాటకానికి మాటలూ పాటలూ ముందే క్యాసెట్లో రికార్డు చేసి పెట్టారు, మనం పెదాలాడించాలి. హిరణ్యకశిపుడు వేషం నాది. సింహాసనం మెట్టు మీద పంచె తట్టుకుని ఒక్క క్షణం ఆగా, అంతే, క్యాసెట్లో నా వికటాట్టహాసం వచ్చేసింది, నేనింకా పంచె సర్దుకుంటున్నా. ప్రహ్లాదుడు నవ్వాపుకోలేకపోయాడు. క్యాసెట్టు మనకోసం ఆగదు.

మెకే పరిస్థితి అదే. జనానికి ఆయన చెప్తే గెర్టీ చేస్తున్నట్టు కనపడుతుంది. జరిగేది తిరగేసి. రీలు ముందే అయిపోయింది, అందులో గెర్టీ ఎప్పుడు కాలెత్తాలో ఎప్పుడు ఏడవాలో ఖరారైపోయింది, దాన్నిబట్టి మాట అనాల్సింది, ఆపిల్ విసరాల్సింది, తెర వెనక్కి నడవాల్సింది ఆయన. కొరడా ఆయన చేతిలో ఉంది గానీ ఆడింది ఆయనే. తను గీసిన బొమ్మ తాళానికి రోజూ తనే చిందెయ్యడం, అది బయటికి కనపడనివ్వకపోవడం. నాకు ఇందులో గొప్ప అదీ.

పిల్లకాకి_తల్లి
ఇది బావుంది. ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు. మరి అది మాట వినకపోవడం కూడా ముందే గీసి పెట్టిందే కదా? కాలెత్తమంటే ఎత్తదు, చెరువులో పాము వస్తే అటు చూస్తుంది

గోదారి_గట్టు
@పిల్లకాకి అక్కడే ఆయన తెలివి చూడండి. జంతువు ప్రతిసారీ టక్కున మాట వింటే, ఒక్క క్షణం అటూఇటూ అయినా గుట్టు బయటపడిపోతుంది. మాట వినని జంతువనుకోండి, మనం ముందు చెప్పినా లేటుగా చెప్పినా దాని పొగరు కింద పోతుంది. రెండోసారి అరవొచ్చు, తిట్టొచ్చు, జనం వైపు తిరిగి చూశారా దీని సంగతి అనొచ్చు. ఆ సందులో మళ్ళీ రీలు అందుకోవచ్చు. మెకే ఇలా అనుకునే చేశాడో లేదో గానీ నేనైతే స్టేజీ మీద అందుకే వాడుకునేవాణ్ణి.

పాతరీలు_పరంధామం
@గోదారి గారూ, మీ క్యాసెట్ పోలిక పూర్తిగా కుదరదండీ. 1914లో చాలా హాళ్ళలో ప్రొజెక్టర్ చేత్తో తిప్పేవాళ్ళు. ఆపరేటర్ మనవాడైతే కాస్త నెమ్మదిగానో జోరుగానో తిప్పి సర్దుతాడు. అంత కఠినమైన బంధమేం కాదు.

గోదారి_గట్టు
అప్పుడింకా కష్టం కదండీ! క్యాసెట్ కనీసం రోజూ ఒకేలా వస్తుంది. ఊరు మారితే ఆపరేటర్ మారతాడు, వాడి చెయ్యి మారుతుంది. ఒకడు టీ తాగొచ్చి హుషారుగా తిప్పితే గెర్టీ పరుగులు పెడుతుంది, ఈయన వెనక పరిగెత్తాలి.

పాతరీలు_పరంధామం
సర్దుబాటుకి వీలుంది అన్నాను, తేలిక అనలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
పరంధామం గారు కోర్టులో ఉండాల్సిన మనిషి

మిరపకాయ్_బజ్జీ
నాకు ఒక్కటే ఇబ్బంది. పాపం అది ఆడ డైనోసార్, చేతిలో కొరడా పెట్టుకుని దాన్ని తిట్టి ఏడిపించడం, హాలంతా నవ్వడం. చిన్నపిల్లలకి చూపించేటప్పుడు కాస్త ఆలోచించాలేమో

సుబ్బలక్ష్మి_న్యూజెర్సీ
@బజ్జీ నాకూ ఆ ఏడుపు దగ్గర మనసు అదోలా అయ్యింది, కన్నీళ్ళు నిజంగా కారతాయి దానికి. కానీ చూడు, వెంటనే మర్చిపోతుంది, తర్వాత చెరువు మొత్తం తాగేస్తుంది, చెట్టు వేళ్ళతో సహా నమిలేస్తుంది. దానికి ఈయన లెక్క లేదు. మా చిన్నమ్మాయి కూడా అంతే

వరంగల్_వాసు
సర్కస్‌ల సింహాలను ఆడిచ్చుడు జూసి పెరిగిన జనం గదా, వాళ్ళకు కొరడా లేకుంటే ఐటమే అర్థం గాకపోవు. ఆఖర్కి ఎవరు ఎవర్ని తీస్కపోయిండ్రు? గెర్టీనే గదా ఆయన్ని నోట్ల పట్టుకపోయింది

మిరపకాయ్_బజ్జీ
@వాసు అది నిజమే. సరే, పూర్తిగా ఒప్పుకోలేదు, సగం

అనకాపల్లి_బెల్లం
రాజు గారూ మీ కోకోలో ఏది మొదట సూడాలో సెప్పండి. ఈగ ఉన్నదొకటి ఉందని ఎక్కడో సదివాను

రోటో_రాజు
@బెల్లం అవును, 1919ది. ఒక ఈగ వచ్చి మాక్స్‌నీ కోకోనీ ఇద్దర్నీ కాల్చుకు తింటుంది. మన ఈగ (2012) చూసినవాళ్ళకి నచ్చుతుంది, ఎదురుగా ఏమీ లేని చోట చెయ్యి విసిరి ఈగని తోలే నటన మాక్స్ కూడా చేశాడు, సుదీప్ అంత కాదులే. 1923లో బెడ్‌టైమ్ అని ఇంకోటి, అందులో కోకో రాక్షసుడంత పెరిగి ఊరంతా మాక్స్‌ని వెతుకుతాడు. రాత్రి పిల్లలకి పెట్టొద్దు.

తెనాలి_తిరకాసు
ఇంతమంది ఇన్ని చెప్పారు, మెకేకి ఈ యానిమేషన్ వల్ల డబ్బులేమైనా వచ్చాయా లేదా అది చెప్పండి ముందు

కీఫ్రేమ్_కిట్టు
ఇదడుగుతారనే చూస్తున్నా. గెర్టీ చేస్తున్న రోజుల్లో ఒకాయన జర్నలిస్టునని చెప్పి మెకే ఇంటికొచ్చాడు, వ్యాసం రాస్తున్నా మీ పద్ధతి చెప్పండి అన్నాడు. మెకే అన్నీ విప్పి చూపించాడు. దాచుకునే రకం కాదు, పేటెంట్ తీసుకోలేదు, ఎవరు నేర్చుకున్నా కళ పెరుగుతుందనే లెక్క. ఆ వచ్చినవాడు జాన్ బ్రే అని, సొంత కార్టూన్ స్టూడియో నడిపినాయన, ఆయనేనని చాలామంది రాస్తారు. బ్రే ఆ పద్ధతుల్లో కొన్నిటికి తన పేరు మీద పేటెంట్లు తీసుకుని, 1914లో తిరిగి మెకే మీదే కేసు పెట్టాడు. నా పద్ధతి వాడుతున్నావు అని! ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాడి మీద.

నాకు ఇది చదివితే ఒళ్ళు మండిపోతుంది ఎందుకంటే మాకూ తెలుసు ఇది. ఒక చోట పనిచేసినప్పుడు నేను ఫైళ్ళకి పేర్లు పెట్టే పద్ధతి, షాట్ చెక్‌లిస్టు మొత్తం కూర్చుని చేసి కొత్తగా వచ్చినవాడికి నేర్పించా. ఆర్నెల్లకి అది వాడి పేరు మీద ప్రెజెంటేషన్ అయ్యింది, వాడు లీడ్ అయ్యాడు, నాకే ట్రైనింగ్ ఇచ్చాడు. చప్పట్లు కొట్టా.

నైట్‌షిఫ్ట్_నాని
@కిట్టు అన్నా ఆ స్టూడియో పేరు చెప్పు అన్నా

కీఫ్రేమ్_కిట్టు
చెప్పను, ఇంకా రెండు నెలల జీతం రావాలి

పాతరీలు_పరంధామం
కథ మిగతా సగం కూడా చెప్పండి కిట్టూ. ఆ కేసులో బ్రే నెగ్గలేదు. పైగా తర్వాత కొన్నాళ్ళు మెకేకే బ్రే నుంచి రాయల్టీ వచ్చింది. కాబట్టి తిరకాసు గారి ప్రశ్నకి జవాబు, వచ్చాయి, కానీ ఆయన బతుకు గడిచింది పేపర్లో బొమ్మల మీదే. 1918లో లూసిటానియా ఓడ మునగడం మీద పెద్ద బొమ్మ చేశాడు, అప్పటికి ఆయన కూడా సెల్స్‌కి మారాడు. తర్వాత మెల్లగా వదిలేశాడు, 1934లో పోయాడు.

రోటో_రాజు
ఫ్లైషర్ అన్నదమ్ములు మొదట కోకో చేసింది ఈ బ్రే స్టూడియోలోనే అని ఎవరూ అనకముందే నేనే అంటున్నా. 1921లో బయటికొచ్చి సొంతం పెట్టుకున్నారు. నన్ను కొట్టొద్దు

కీఫ్రేమ్_కిట్టు
తెలుసు రాజూ, ఇందాకట్నుంచీ దాచిపెట్టుకున్నా ఆ పాయింటు

పిల్లకాకి_తల్లి
ఇవన్నీ చదివాక ఒక ఐడియా వచ్చింది. కార్డులొచ్చినప్పుడు చదవడం మానేసి నేనే టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్తే? కొరడా లేకుండా లెండి బజ్జీ గారూ. ఎక్కడ్నుంచి మొదలెట్టాలి?

గోదారి_గట్టు
బ్రహ్మాండం. భోజనాల బల్ల దగ్గర మెకే కాగితం మీద గెర్టీని గీస్తాడు, ఆ తర్వాత కొండలూ గుహా వస్తాయి, అక్కడ్నుంచి మొదలెట్టండి. ముందు మీరొక్కరే ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఏది ఎప్పుడొస్తుందో. వరసగా చెప్తా. గుహలోంచి తల, చెట్టు నమలడం, దణ్ణం, కాళ్ళు, పాము, తిట్లు, ఏడుపు, కాయ పట్టుకోవడం, మామత్. పిలిచాక ఆగండి. ఆగడంలోనే ఉంది. కార్డు వచ్చినంతసేపూ మీరు మాట్లాడండి, పిల్లాడు మీ మొహం చూస్తాడు, కార్డు వాడికి కనపడదు. ఆఖర్న మీరు టీవీ వెనక్కి వెళ్ళండి.

నైట్‌షిఫ్ట్_నాని
మా ఇంట్లో టీవీ గోడకి కొట్టుంది, ఎటు వెళ్ళాలి

గోదారి_గట్టు
@నాని నువ్వు వంటింట్లోకి వెళ్ళు, కాస్త ఉపయోగపడతావు

పాతరీలు_పరంధామం
@పిల్లకాకి కార్డులు లేకుండా కావాలంటే ఇంకోటి ఉంది. గెర్టీ ఫిల్ము నైట్రేట్ మీద ఉండేది, తొందరగా పాడయ్యే రకం, మెకే ఫిల్ములు 1947లో దొరికేసరికి చాలా భాగం పోయాయి. మిగిలినవి ఇప్పుడు మాంట్రియల్‌లో సినిమాటెక్ కెబెక్వాజ్ అనే సినిమా భాండాగారంలో ఉన్నాయి. వాటినీ, మిగిలున్న అసలు బొమ్మల కాగితాల్నీ పెట్టుకుని స్టేజీ మీద ఎలా ఆడిందో అలా మళ్ళీ కూర్చారు, 2018లో ఫ్రాన్స్‌లో ఆనెసీ యానిమేషన్ ఫెస్టివల్‌లో వేశారు.

వరంగల్_వాసు
పరంధామం సారూ మీరేం జేస్తరు సారు? ఇన్ని ఎట్ల యాదుంటయ్

పాతరీలు_పరంధామం
రిటైర్డ్. ఎల్‌ఐసీ.

పిల్లకాకి_తల్లి
చేసేశా. నిన్న సాయంత్రం, మా అత్తగారూ పక్కింటి ఇద్దరు పిల్లలూ కూడా కూర్చున్నారు. మొదటి రెండు మాటలూ ముందే అనేశా, గెర్టీ ఇంకా గుహలోనే ఉంది, గోదారి గారు చెప్పినట్టు అలిగిందిరా అని కవర్ చేశా, నిజంగానే పనిచేసింది! దణ్ణం పెట్టినప్పుడు మా అత్తగారు తిరిగి దణ్ణం పెట్టారు. బంగాళాదుంప విసిరా, జేబు లేదు, పైటలో దాచుకున్నా, అది కింద పడి దొర్లింది. అయినా పిల్లలు పట్టించుకోలేదు, తెర వైపే చూస్తున్నారు. మామత్‌ని విసిరాక మావాడు లేచి నన్ను పక్కకి నెట్టి నేను చెప్తా అన్నాడు, కూర్చో అన్నాడు, అది డాన్స్ చేసింది. వాడికి ఇంక కోపం, మాట వినట్లేదు అని. ఆఖర్న నేను కర్టెన్ వెనక్కి వెళ్ళా, ఎవరూ గమనించలేదు.

గోదారి_గట్టు
బంగాళాదుంప పైటలో 😄 ఈసారి నిమ్మకాయ వాడండి. పిల్లాణ్ణి ఇంకో రెండుసార్లు చెయ్యనివ్వండి, రీలు వరస వాడికి వచ్చేస్తుంది, అప్పుడు మీకంటే బాగా చేస్తాడు

మిరపకాయ్_బజ్జీ
అత్తగారి దణ్ణం హైలైట్

తెనాలి_తిరకాసు
ఇదుగో మీరంతా కార్డులు కార్డులంటున్నారు, నేను చూసిన గెర్టీలో పంక్చరూ లేదు పందెమూ లేదు, నేరుగా డైనోసారే. గీత మాత్రం ఇంత బాగా లేదు. నేనే అసలు స్టేజీ వెర్షన్ చూశానన్నమాట. మీకెవరికీ దొరకనిది

పాతరీలు_పరంధామం
@తిరకాసు గీత బాగా లేదన్నారు చూడండి, అక్కడ నాకు అనుమానం. గెర్టీ హిట్టయ్యాక దాన్ని అనుకరించి ఇంకొకరు ఒక నకిలీ గెర్టీ వదిలారు, అదీ నెట్‌లో మెకే పేరు మీదే తిరుగుతుంది. చేసింది బ్రే స్టూడియో అయ్యుంటుందని చెప్తారు.

కీఫ్రేమ్_కిట్టు
మళ్ళీ బ్రేనా!!

తెనాలి_తిరకాసు
నకిలీ అయినా పాతదేగా. నూరేళ్ళ పైన అయ్యింది, అదీ చరిత్రే

రోటో_రాజు
@తిరకాసు లింకు పెట్టండి, ఫ్రేమ్ ఆపి చూసి చెప్తా. వెనక కొండలు వణుకుతున్నాయా లేదా అది ముందు చూడాలి

తెనాలి_తిరకాసు
లింకు మా బావమరిది ఫోన్లో ఉంది, వాడు డ్యూటీకెళ్ళాడు, రాత్రికి పెడతా